కేబిన్ కిటికీలోంచి

ఎండ పెరటిగోడ ఎక్కేదాకా మొక్కలు, ఎక్కాక రైలు. కేబినయ్య ఇంట్లో నడిచే చట్టం అది. చట్టం చేసింది ఆయన కాదు, ఆయన భార్య. ముప్ఫై ఏళ్లపాటు రైల్వే కేబిన్‌లో సిగ్నల్ లివర్లు లాగి రిటైరైన మనిషిని వీధి వీధంతా కేబినయ్య అనే పిలుస్తుంది. అసలు పేరుతో పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ పని లేదు. పెరట్లో పది మడుల కూరగాయలు, పెరటి చివర రేకుల షెడ్డు, షెడ్డులో పన్నెండడుగుల బల్ల, బల్ల మీద బుల్లి పట్టాలు, బుల్లి స్టేషను. రెండింటికీ ఒకే మనిషి, రెండే చేతులు. పొద్దున గోళ్లలో మట్టి, సాయంత్రం గోళ్లలో జిగురు. "ఇద్దరు పెళ్లాలవాడి కాపురంలా ఉంది మీ వరస. ఒకదాని దగ్గరున్నప్పుడు ఇంకోదాని మీద మనసు" అని భార్య దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నవ్వడం బాగానే వచ్చు ఆయనకి, మాట్లాడటమే తక్కువ.

ఆ గురువారం పొద్దున వంగమడిలో గొంతుక్కూర్చుని కాయలు కోస్తున్నాడు. కాయని పట్టుకుని లాగడు. తొడిమ పైన కత్తెర పెట్టి, కొమ్మకి దెబ్బ తగలకుండా కత్తిరిస్తాడు. కోసిన ప్రతి కాయనీ వెలుగులో తిప్పి చూస్తాడు. చిన్న పుచ్చు కనబడితే ఎడంపక్క గంపలోకి, మచ్చ లేకపోతే కుడిపక్క సంచిలోకి. గంప ఇంటికి. సంచి ఇంటికి కాదు.

"ఆ చివరి మొక్కకి నాలుగున్నాయి చూడండి. నవనవలాడుతున్నాయి, సంచిలో వెయ్యండి" అంది భార్య, చిక్కుడు పందిరి కిందనించి.

"చూశాను."

"టమాటాలు అడుగున పెట్టకండి. పోయినవారం చితికిపోయి ఉంటాయి."

"చితికాయని ఆవిడేమైనా అందా?"

"ఆవిడెందుకంటుంది? ఏమీ అనదు. అదే కదా మన బాధ" అంది భార్య. ఆయన టమాటా మొక్కలకి పక్కన వచ్చిన పిలకలు గిల్లాడు, ఆవిడ చిక్కుడు తీగ కొసల్ని పురికొసతో పందిరికి కట్టింది. ఎండ గోడెక్కింది. గురువారం గనక ఆయన షెడ్డు వైపు వెళ్లకుండా సంచి భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు.

సంచి వెళ్లేది రెండు వీధుల అవతల ఉండే కీమాన్ భార్య ఇంటికి. కీమాన్ అంటే రోజూ పొద్దున్నే సుత్తి భుజాన పెట్టుకుని పట్టాల వెంట మైళ్లకి మైళ్లు నడిచి, వదులైన బిగింపుల్ని కొట్టి సరిచేసేవాడు. ఆ పని చేస్తూనే తొమ్మిదేళ్ల కిందట స్టేషన్ అవతలి వంపులో రైలు కింద పడి పోయాడు. అతని భార్య స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతోంది. మిషను గుమ్మంలోనే ఉంటుంది, వెలుతురు కోసం.

"రండన్నయ్యా, కూర్చోండి. ఈ కాలరొక్కటీ తిప్పేస్తాను" అంది, కాలు మిషను మీంచి తియ్యకుండా.

కేబినయ్య స్టూలు మీద కూర్చున్నాడు. సంచి కిందపెట్టి, చితికిపోకుండా టమాటాలు ఒక్కొక్కటే తీసి గట్టు మీద వరసగా పేర్చాడు.

"మీ రైలు గురించి నేను యూనిఫారాలు ఇచ్చే షాపులో కూడా చెప్పుకుంటున్నారు. అచ్చం మన పాత స్టేషనేనటగా?"

"ఏదో కాలక్షేపం చెల్లెమ్మా."

"ఆ వంపు కూడా పెట్టారా?"

ఆయన చేతిలో టమాటా ఒక్క క్షణం ఆగింది. "పెట్టాను."

"ఆదివారం వచ్చి చూడొచ్చా? ఆ చోటు నేనెప్పుడూ చూళ్లేదు. ఉన్నన్నాళ్లూ ఆయన తీసుకెళ్లలేదు. పోయాక నాకే వెళ్లబుద్ధి కాలేదు. వెళ్తే తిట్లు తప్ప ఇంకేం వస్తాయి నా నోటికి?"

"అలా అనకమ్మా."

"అనకేం చెయ్యమంటారు? కర్రకి ఓ ఎర్రగుడ్డ కట్టి పాతడానికి ఎంతసేపు పడుతుందన్నయ్యా? ఆ మాత్రం చెయ్యడానికి ఒళ్లు బరువయ్యింది. పట్టా మీద కూర్చున్నాడు, పోయాడు. నన్ను నడివీధిలో నిలబెట్టాడు. ఫోటో కూడా ట్రంకుపెట్టె అడుగున పడేశాను, చూస్తే ఒళ్లు మండుతుంది." దారం పళ్లతో తెంపి, కాలరు దులిపి పక్కన పెట్టింది. "పోన్లెండి. మీరు చేసేది తోడబుట్టినవాళ్లు కూడా చెయ్యరు. ఒక్క గురువారం తప్పారా ఇన్నేళ్లలో?"

"మా పెరట్లో కాసినవేగా" అన్నాడు కేబినయ్య. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని, ఆదివారం రమ్మని చెప్పి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా వచ్చేశాడు.

మధ్యాహ్నం షెడ్డులో ఫ్యాను వేసుకోలేదు. ఫ్యాను గాలికి రంపపు పొట్టుతో చేసిన గడ్డి లేచిపోతుంది. బల్ల మీద అడుగుకి మూడున్నర మిల్లీమీటర్ల లెక్కన స్టేషను, ప్లాట్‌ఫారం, మురుగుకాలువ, కేబిన్, కేబిన్ దగ్గర్నించి మూడువందల గజాల అవతలి వంపు. బల్ల మీద ఆ మూడువందల గజాలూ పదడుగుల పైచిలుకు. రెండేళ్లు పట్టింది. పాత డ్రాయింగుల కోసం ఎక్కడెక్కడో తిరిగాడు. పట్టాల కింది స్లీపర్లు అగ్గిపుల్లలంత సన్నగా చెక్కి, ఒక్కొక్కటే నల్లరంగులో ముంచి ఆరబెట్టాడు. కేబిన్‌కి వెనకగోడ పెట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం బల్లకి ఆనించి, వెనకనించి ఒక కన్ను పెడితే కిటికీలోంచి లైను కనబడాలి. వంపులో, పట్టా పక్కన, ముప్పావంగుళం మనిషి వంగి ఉన్నాడు. చీపురుపుల్ల చెక్కి చేసిన మనిషి, నీలం చొక్కా.

ఆ బల్ల కాలక్షేపానికి కాదు. వీధివాళ్లకి అది బొమ్మరైలు, ఆయనకి కోర్టు. ప్రమాదం మీద జరిగిన విచారణలో ఆయన చెప్పింది ఒకే ఒక్క మాట: "నాకు జెండా ఏదీ కనబడలేదు." ఆ మాటలో అబద్ధం లేదు. వంపు చాటున డ్రైవరు ఏమీ చూడలేకపోయాడు, రైలు ఈడ్చుకుపోయాక అక్కడ ఏదీ మిగల్లేదు, అందుకే వచ్చిన ఆఫీసర్లు ఆ మాటే రాసుకున్నారు. జెండా పాతకుండా పనికి దిగడం చనిపోయినవాడి అజాగ్రత్తే అని తేల్చారు. చచ్చినవాడు ఎదురు చెప్పడు గనక రెండు రోజుల్లో ఫైలు మూసేశారు. కేబినయ్య చెప్పని మాట ఇంకోటుంది. రైలు వస్తోందని గంట మోగినప్పుడు ఆయన కేబిన్‌లో లేడు. కింద, కేబిన్ వెనక తను వేసుకున్న వంగమడిలో ఉన్నాడు. పరుగున మెట్లెక్కి, మట్టి చేత్తోనే లివర్ లాగి సిగ్నలిచ్చేసి, కిటికీ వైపు తల కూడా తిప్పకుండా మళ్లీ దిగిపోయాడు. మడిలో సగం నాటిన నారు ఎండకి వాడిపోతోంది. వంపులో ఎర్రజెండా ఉంటే సిగ్నలివ్వకూడదు, అది రూలు. జెండా ఉందా లేదా అని చూడటం కూడా రూలే.

ఇప్పుడాయనకి తెలియాల్సింది ఒక్కటే. ఆ పూట కిటికీ దగ్గర నిలబడి కళ్లింత చేసుకుని చూసినా ఆ వంపు కనబడేదా? మధ్యలో నీళ్లట్యాంకు ఉండేది, నాలుగు ఇనప కాళ్ల మీద. అది అడ్డమొచ్చేదే అయితే చూసినా చూడకపోయినా ఒకటే, తన పాపం గోరంత కూడా లేదు. ఆ 'అయితే' మీదే తొమ్మిదేళ్లుగా అన్నం తింటున్నాడు. ప్రమాదం జరిగిన ఏడాదికే పాత కేబిన్ పడగొట్టి, ట్యాంకు విప్పేసి, అంతా కొత్త స్టేషనుకి మార్చేశారు. వెళ్లి చూద్దామన్నా ఎక్కి చూసే చోటు లేదు.

ట్యాంకుని అందుకే ఆఖర్న చేశాడు. ఆ మధ్యాహ్నం నాలుగు కాళ్లకీ అడ్డకమ్మీలు అతికించి, ఆరనిచ్చి, తెచ్చి కాలువగట్టు మీద పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని కన్ను పెట్టాడు. ట్యాంకు కాళ్లూ కమ్మీలూ లైనుకి అడ్డంగా నిలబడ్డాయి. వంపు లేదు. మనిషీ లేడు. కేబినయ్య ఆ భంగిమలోనే ఉండిపోయాడు. గడ్డం బల్ల మీద, కళ్లు మూసుకుని. తొమ్మిదేళ్ల బరువు దిగి మనసు చల్లబడింది.

భార్య టీ తెచ్చింది. గ్లాసు పెట్టడానికి చోటు వెతుకుతూ బల్లని చూసింది.

"ట్యాంకు కాలువకి ఇవతల పెట్టారేంటి?"

"ఇవతలే ఉండేది."

"కాదండీ. అవతల."

"ముప్ఫై ఏళ్లు అక్కడ పనిచేసింది నేనా, నువ్వా?"

"పనిచేసింది మీరే. ట్యాంకు కింద నీళ్లు పట్టుకుని మీ మడికి మోసింది నేను. బిందె చంకనెట్టుకుని కాలువ దాటాల్సివచ్చేది. ఒక కాలు అటు గట్టున, ఒక కాలు ఇటు గట్టున. ఓసారి జారి మోకాలు చీరుకుపోయింది, మచ్చ ఇంకా ఉంది, చూపించనా?"

"వెళ్లు. వెళ్లి నీ పని చూసుకో" అని అరిచాడు. పెళ్లయ్యాక ఆయన ఆవిడ మీద అరిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ గ్లాసు బల్ల అంచున పెట్టి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ కన్ను పెట్టాడు. వంపు కనబడలేదు. కానీ ఇందాకటి చల్లదనం రాలేదు. టీ అక్కడే మీగడ కట్టింది.

శుక్రవారం పొద్దున చట్టం తప్పాడు. మొక్కల మొహం చూడకుండా, కొలతల టేపు జేబులో వేసుకుని పాత స్టేషను దగ్గరికి వెళ్లాడు. ప్లాట్‌ఫారం ఒక చివర మాత్రం మిగిలుంది, రాళ్ల సందుల్లో పిచ్చిమొక్కలు. కేబిన్ ఉన్నచోట ఇటుకముక్కల దిబ్బ. కాలువ మాత్రం అలాగే ఉంది. కాలువకి ఇవతలి గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా కర్రతో గడ్డిని పాయలు తీసుకుంటూ నడిచాడు. సిమెంటు దిమ్మ తగల్లేదు. రెండోసారి నడిచాడు, చెప్పుతో నేలని తన్నుకుంటూ. మట్టే తప్ప గట్టిది తగల్లేదు.

కాలువ దాటడానికి ఒక కాలు అటు పెట్టాడు, ఒక కాలు ఇటు పెట్టాడు. వయసు మళ్లిన మనిషికి అది పెద్ద అంగే. ఆ అంగలో నిలబడినప్పుడే తెలిసిపోయింది ఆయనకి, అవతల ఏం దొరుకుతుందో. దొరికాయి. గడ్డిలో నాలుగు సిమెంటు దిమ్మలు, ఒక్కోదాని మీద తెగిన బోల్టులు, తుప్పు. టేపు ఒక చివర రాయి కింద పెట్టి ప్లాట్‌ఫారం అంచు నుంచి కొలిచాడు, పట్టా ఉన్న గుర్తు నుంచి కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు. రెండుసార్లూ ఒకే అంకె. పాత కవరు వెనక రాసుకుని, కవరు జేబులో పెట్టుకుని, ఆ దిమ్మ మీదే కూర్చున్నాడు. ఎదురుగా ఎవరిదో మేక పిచ్చిమొక్కలు మేస్తోంది. ఒకప్పుడు అక్కడే తన వంగమడి ఉండేదని ఆ మేకకి తెలియదు, తెలిసినా దానికేం?

శనివారం కూడా మొక్కలకి నీళ్లు పెట్టలేదు. భార్యే పెట్టింది. రెండు రోజులుగా కొయ్యని బీరకాయలు ముదిరి పీచు కట్టాయి. షెడ్డులో ఆయన కవరు మీది అంకెల్ని మూడున్నరతో హెచ్చవేసి, స్కేలు పెట్టి బల్ల మీద నాలుగు చుక్కలు పెట్టాడు. ట్యాంకుని రెండు చేతులతో ఎత్తి కాలువ దాటించాడు. బల్ల మీద మూడంగుళాలు. కాళ్లని చుక్కల మీద దించాడు. వంగడానికి ధైర్యం చాలక కాసేపు బ్రష్షులు కడిగాడు, కడిగినవే మళ్లీ కడిగాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ట్యాంకు పక్కకి తప్పుకుంది. ఎడంపక్క రెండు కాళ్ల మధ్య, అడ్డకమ్మీ కింద, వంపంతా ఖాళీగా ఉంది. ఆ ఖాళీ నడుమ నీలం చొక్కా మనిషి వంగి పని చేసుకుంటున్నాడు. తల కనబడుతోంది, వీపు కనబడుతోంది, మోచెయ్యి కనబడుతోంది. ఒక్కసారి తల తిప్పి ఉంటే చాలు. మట్టి చేతులు తుడుచుకోకపోయినా ఫర్వాలేదు, ఒక్కసారి తల తిప్పి ఉంటే. కేబినయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. షెడ్డు రేకులు కదా, చప్పుడు పెరట్లోకి వెళ్తుంది.

సాయంత్రం లేచి, ట్యాంకుని ఎత్తి, మళ్లీ ఇవతలి గట్టు మీద పెట్టేశాడు. నాలుగు చుక్కల మీద రంపపు పొట్టు చల్లాడు.

ఆదివారం అన్నం తిన్నాక భార్య షెడ్డు ఊడవడానికి వెళ్లింది. ఊడ్చింది. బల్ల దగ్గర ఆగి చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అడగవేం?" అన్నాడు ఆయనే.

"ఏమని అడగను? శుక్రవారం చెప్పులకి అంటుకొచ్చిన మట్టి చూశాను. నిన్న మీ కళ్లు చూశాను." చీపురు గోడకి ఆనించింది. "ఆవిడొచ్చేసరికి ఆ ట్యాంకు ఎక్కడుంటుందో మీ ఇష్టం. నేను నోరు విప్పను. ఇన్నేళ్లలో ఎప్పుడైనా విప్పానా? ఆ రోజు నారు తెచ్చింది నేను. ఎండెక్కుతోంది, తొందరగా నాటండని పై మెట్టు మీదున్న మనిషిని కిందికి పిలిచింది నేను. మీరు ఆఫీసర్ల ముందు నా పేరెత్తలేదు. నేనూ మీ మాట ఎత్తలేదు. బాగానే కుదిరింది మన కాపురం."

ఆయన జవాబు చెప్పేలోగా వీధి గేటు చప్పుడైంది.

కీమాన్ భార్య మంచి చీర కట్టుకొచ్చింది. షెడ్డులోకి వస్తూనే గుమ్మంలో చెప్పులు విడిచింది, ఎవరింటికో వచ్చినట్టు. బల్ల ఈ చివర నుంచి ఆ చివరదాకా చేతులు వెనక్కి కట్టుకుని మెల్లిగా నడిచింది. ప్లాట్‌ఫారం మీద బెంచీలు చూసి నవ్వింది. "అబ్బ, ఎంత ఓపికన్నయ్యా మీకు! ఈ బెంచీ కోళ్లకి కూడా రంగేశారే." వంపు దగ్గరికొచ్చి ఆగింది. నీలం చొక్కా మనిషిని చూసింది. నవ్వు పోయింది.

"చొక్కా ఇంకాస్త ముదురు నీలం. నేనే కుట్టాను కదా" అంది.

"మారుస్తానమ్మా."

"వద్దులెండి." వెనక్కి తిరిగింది. "మీరు కూర్చునే గది ఇదేనా? ఇందులోంచి చూస్తే ఎలా కనబడుతుంది?"

ఎలా చూడాలో కేబినయ్య చూపించాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని మోకాళ్ల మీద కూర్చుంది. ఒక కన్ను మూసి, గడ్డం బల్లకి ఆనించింది. టైలరు కన్ను, సూదిబెజ్జంలో చూడటం అలవాటైన కన్ను.

"ట్యాంకే కనబడుతోంది. ఇంకేం కనబడటం లేదే" అంది.

ఆవిడ లేచి, మోకాళ్లు దులుపుకుని, ఆయన వైపు తిరిగింది. ఆవిడ ముఖంలో జాలి ఉంది.

"చూశారా మరి? అనవసరంగా ఇన్నేళ్లూ కుమిలిపోయారు. నాకు తెలియదనుకున్నారా అన్నయ్యా? గురువారం గురువారం సంచి పట్టుకొచ్చి, నా మొహం కూడా చూడలేక ఆ టమాటాలు సర్దుకుంటూ కూర్చుంటారు. కాపాడలేకపోయానని మీకు మనసులో పీకుతోందని నాకు తెలుసు. ఎవరు నిలబడి చూసినా ఈ కిటికీలోంచి ఆయన కనబడేవాడు కాదు. మీ తప్పు ఇసుమంత కూడా లేదు. తప్పంతా ఆయనదే."

రెండేళ్లు స్లీపర్లు చెక్కింది ఆ మాట కోసమే. ఆ మాట వచ్చింది, అడక్కుండానే, అది అనాల్సిన మనిషి నోటినుంచే వచ్చింది. ఇక నవ్వి, టీ తాగి వెళ్లమంటే అయిపోయేది. కానీ ఆ మాటకి తోకలా ఇంకో మాట వచ్చింది, తప్పంతా ఆయనదే అని. చీపురుపుల్ల మనిషి వంపులో వంగి పని చేసుకుంటున్నాడు. కేబినయ్య చెయ్యి చాచి ట్యాంకుని ఎత్తాడు. ట్యాంకు కాలొకటి పట్టాకి తగిలింది. కాలువ దాటించి, పొట్టు ఊదేసి, నాలుగు చుక్కల మీద దించాడు.

"ట్యాంకు ఉండేది ఇక్కడమ్మా. ఇప్పుడు చూడు."

ఆవిడ ఆయన్ని చూసింది, గుమ్మంలో ఉన్న ఆయన భార్యని చూసింది. మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది. ఈసారి చాలాసేపు లేవలేదు.

"మనిషి ఉన్నాడు" అంది, కన్ను తియ్యకుండా.

"ఊఁ."

"జెండా పాతితే అదీ కనబడేదా?"

"కనబడేది. మనిషికంటే ముందు అదే కనబడేది."

"మరి మీకు కనబడలేదని చెప్పారు."

"నేను చూడలేదమ్మా. గంట కొట్టేసరికి కింద మడిలో ఉన్నాను, వంగనారు నాటుతూ. పైకొచ్చి లివర్ లాగి దిగిపోయాను. కిటికీ వైపు తిరగలేదు. జెండా ఉందో లేదో నాకు తెలీదు. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. కనబడలేదని మాత్రం చెప్పాను. వాళ్లు లేదని రాసుకున్నారు. నేను కాదనలేదు."

"పిలిచింది నేను" అంది భార్య గుమ్మంలోంచి. "నారు వాడిపోతోందని నేనే పిలిచాను."

తిడుతుందనుకున్నాడు. బల్ల మీద చెయ్యి వేసి అంతా ఊడ్చేసినా బావుండుననుకున్నాడు. ఆవిడ నేల మీదే, బల్ల కోడుకి ఆనుకుని కూర్చుంది.

"ఆ జెండా ఉతికేదాన్ని నేనే" అంది. ఎవరితోనూ కాదు, తనలో తనే లెక్క చూసుకుంటున్నట్టుగా. "వారానికోసారి. రంగు దిగి నీళ్లు ఎర్రగా అయ్యేవి, మిగతా బట్టలతో కలపనిచ్చేవాడు కాదు. ఓసారి వానకి ఆరకపోతే నామీద ఎగిరాడు, జెండా లేకుండా లైను మీదికి ఎలా వెళ్లమంటావే అని. పొయ్యి దగ్గర పట్టుకుని ఆరబెట్టి ఇచ్చాను. ఆ పొద్దున కూడా తీగ మీంచి తీసి మడతపెట్టి ఇచ్చింది నేనే. చంకలో పెట్టుకుని వెళ్లాడు." ఆగింది. "జెండా పాతకుండా పట్టా మీద చెయ్యి వేసే మనిషి కాదు ఆయన. నాకు తెలుసు. నాకంటే ఎవరికి తెలుసు? తెలిసీ మీ మాట నమ్మాను. కేబిన్ అన్నయ్య అబద్ధం చెప్పడని నమ్మాను."

ఆయన భార్య వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. కీమాన్ భార్య ఆ చేతిని తొయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"వదినా, తొమ్మిదేళ్లు తిట్టాను ఆయన్ని. పొద్దున లేస్తూనే తిట్టాను, మిషను తొక్కుతూ తిట్టాను. ఏడవాల్సిన రోజున కూడా తిట్టాను. అందరూ ఏడ్చారు, నేను ఏడవలేదు. కోపంతో. ఇప్పుడవన్నీ ఎలా వెనక్కి తీసుకోను?"

ఆవిడ లేచి, చెప్పులు వేసుకుని, గేటు కూడా వెయ్యకుండా వెళ్లిపోయింది. కేబినయ్య భార్య చీరకొంగుతో ముఖం తుడుచుకుని వెనకే వీధి మలుపుదాకా వెళ్లి, దగ్గరికి వెళ్లే ధైర్యం లేక తిరిగొచ్చింది.

సోమవారం రైల్వే ఆఫీసు తలుపులు తీసేసరికి కేబినయ్య మెట్ల మీద ఉన్నాడు. ఒక పేజీ, సొంత చేతిరాత. కౌంటర్ వెనక గుమాస్తా ఒకసారి చదివి, కళ్లజోడు తీసి, రెండోసారి చదివాడు.

"ఈ ఫైలు ఎప్పుడో మూతపడిందండీ. పెద్దమనిషి మీరు, రిటైరై హాయిగా ఉన్నారు. ఇప్పుడెందుకు తేనెతుట్టె కదపడం? మీ పెన్షన్ మీదికే రావచ్చు."

"రానివ్వండి. ముద్ర వేసి, అందినట్టు ఓ ముక్క ఇవ్వండి."

"ఏం, ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదు. ఆ రోజే ఇవ్వాల్సింది. మరిచిపోయాననుకోండి" అన్నాడు. గుమాస్తా అది హాస్యమో కాదో తేల్చుకోలేక ముద్ర కోసం సొరుగు వెతికాడు.

ముద్ర పడిన చప్పుడుకి కేబినయ్య తల తిప్పితే, వెనక వరసలో కీమాన్ భార్య నిలబడి ఉంది. నిన్నటి చీరే. కళ్లు వాచి ఉన్నాయి. రాత్రంతా ఏం చేసిందో అడగనక్కర్లేదు. ఇంటికి వెళ్లి అడిగితే ఆయన భార్య ఇక్కడికొచ్చాడని చెప్పి ఉంటుంది. ఆవిడ కౌంటర్ దగ్గరికొచ్చి, గుమాస్తా చేతి కింద ఉన్న కాగితం తనవైపు తిప్పుకుని నిలబడే చదివింది. కిటికీ దగ్గర లేనని ఉన్న చోట వేలు పెట్టి ఆగింది. జెండా కనబడేదన్న చోట మళ్లీ ఆగింది. చివరిదాకా చదివి కాగితం గుమాస్తా వైపు తోసింది.

"ఇంకో కాగితం మీద కూడా ఇదే రాయండి" అంది. ఆ వాక్యంలో అన్నయ్యా లేదు. ఇన్నేళ్లలో ఆ పిలుపు లేకుండా ఆవిడ ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"ఆఫీసుకి ఒకటి చాలమ్మా. ముద్ర కూడా వేశారు."

"ఆఫీసుకి కాదు. ఫోటో పైకి తీశాను. ఆయనకి చదివి వినిపించాలి. నా మాటల్లో చెబితే నమ్మడు."

కేబినయ్య గుమాస్తాని తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. గోడవార బెంచీ మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, తేదీ వేసి, మొదటి మాట నుంచీ మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ రెండడుగుల దూరంలో నిలబడి, రాయడం అయ్యేదాకా చూస్తూ ఉంది.